పన్నెండో మేకు

చింతపండు పులుసులో నానవేసిన ఇత్తడి బిళ్లలను ఒక్కొక్కటే తీసి, బూడిద అద్ది, బొటనవేలితో రుద్దుతున్నాడు గురవయ్య. పన్నెండింటిలో ఏడు అయ్యాయి. ఎనిమిదోది పట్టుకునేసరికి ఎడమ భుజం మళ్లీ లాగింది. బిళ్లను మోకాలి మీద పెట్టి, భుజాన్ని కుడిచేత్తో నాలుగుసార్లు పిసుక్కున్నాడు. వారం రోజులుగా ఇదే వరస. లాగుతుంది, ఊరుకుంటుంది. దవాఖానాకు పోదామని సోమవారం అనుకున్నాడు, మంగళవారం అనుకున్నాడు, అనుకుంటూనే ఆదివారం వచ్చింది. ఆదివారం మ్యాచ్ ఉంది కాబట్టి దవాఖానా సంగతి రేపటికి పోయింది.

ఈ బిళ్లలు తోమే పని ఒకప్పుడు కళావతిది. అతని భార్య. ఆమె ఉన్నన్నాళ్లూ మ్యాచ్‌కు ముందురోజు తనే అడిగి తీసుకునేది, పూజ సామాను తోమినట్టు తోమేది. ఎందుకు తోమాలని గాని, ఈ వయసులో ఊళ్లు పట్టుకుని తిరగడమెందుకని గాని ఒక్కనాడూ అడగలేదు. పిల్లల్లేని ఇల్లు, ఇద్దరూ మాటలు తక్కువ మనుషులు. ఆమె పోయి నాలుగేళ్లయింది. కిరాయి గది మారాడు, మంచం మారింది, చింతపండు మాత్రం ఇప్పటికీ ఆమె ఉంచిన సత్తు డబ్బాలోనే ఉంటుంది. మూత బిగువు. ఆ మూత తీసినప్పుడల్లా గోరు ఊడివస్తుందేమో అనిపిస్తుంది గాని, డబ్బా మార్చడు.

ఆ వైపు జనం బొగ్గుగనిని బాయి అంటారు. ఇల్లందు పక్కన చింతబాయి నడిచిన రోజుల్లో, దిగే ప్రతి మనిషికీ అంకె కొట్టిన ఇత్తడి బిళ్ల ఒకటి ఉండేది. లాంపురూం కిటికీలో బిళ్ల ఇచ్చి తలదీపం తీసుకుని దిగాలి. పైకొచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. బిళ్ల పలక మీద మేకుకు వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా భూమి లోపలే ఉన్నాడని అర్థం. ఆ కిటికీ వెనక గురవయ్య ఇరవై మూడేళ్లు కూర్చున్నాడు. అంతకుముందు తొమ్మిదేళ్లు లోపల బొగ్గు నింపాడు. పట్టాల మీది బొగ్గు టబ్బు తగిలి తుంటి దెబ్బతిన్నాక పైన కూర్చునే పని ఇచ్చారు. బాయి మూసిన ఏడాది లాంపురూం పలకలు విరగ్గొట్టి పొయ్యిలో పెడుతుంటే, పన్నెండు మేకులున్న ముక్కనొకదాన్ని చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాడు.

బాయి పోయింది, బాయి పేరుమీద ఫుట్‌బాల్ జట్టు మిగిలింది. ఇప్పుడు ఆడేవాళ్లలో బాయి దిగినవాడు ఒక్కడూ లేడు. ఒకడు ఓపెన్‌కాస్ట్ గనిలో కాంట్రాక్టు డ్రైవరు, ఒకడు సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు, ఇద్దరివి ఆటోలు. అయినా పరాయి ఊళ్లో మ్యాచ్ ఉన్నప్పుడు ఒక పద్ధతి నడిచింది. ఆట మొదలయ్యే ముందు పదకొండుగురూ గురవయ్య దగ్గరకొచ్చి, ఎవరి బిళ్ల వారు సంచిలోంచి తీసి పలకకు తగిలించాలి. ఆట అయ్యాక ఎవరి బిళ్ల వారే తీసి సంచిలో వెయ్యాలి. ఒకరి బిళ్ల మరొకరు ముట్టకూడదు. పన్నెండో మేకు గురవయ్యది. బొగ్గు నింపిన నాటి బిళ్ల, అంకె ఎనభై ఎనిమిది. దాన్ని అందరికన్నా ముందు తగిలిస్తాడు, అందరికన్నా చివర తీస్తాడు. తీసి, "అందరెక్కిన్రు" అంటాడు. ఆ మాట పడితేనే బండి కదలాలి. ఇది ఎందుకు మొదలైందో ఇప్పటి జట్టులో ఎవరికీ తెలియదు. పాతవాళ్లు చేశారు గనక వీళ్లూ చేశారు.

కిందటేడు మణుగూరులో సాయికిరణ్‌కు మడమ విరిగింది. ఆట మధ్యలోంచే దవాఖానాకు తీసుకుపోయారు. అతని బిళ్ల పలక మీదే ఉండిపోయింది. గురవయ్య బండి ఎక్కనన్నాడు, ఎవరినీ ఎక్కనివ్వలేదు. పలక చంకన పెట్టుకుని దవాఖానా వెతుక్కుంటూ పోయి, పిండికట్టు వేస్తుండగా సాయికిరణ్ చేత్తోనే బిళ్ల తీయించి వచ్చాడు. రెండు గంటలు బండిలో ఆకలితో కూర్చున్నవాళ్లు ఆ రోజు ఏమీ అనలేదు. తర్వాత అన్నారు.

నిన్న సాయంత్రం శివకుమార్ ఫోన్ చేశాడు. గోల్‌కీపరు, జట్టుకు కెప్టెనూ అతనే.

"తాతా, రేపు సారపాక మ్యాచ్‌కు బండిల జాగ లేదే. ఇంటికాడనే ఉండు. ఎన్ని కొట్టినమో ఫోన్ల చెప్త."

"అవ్ లే," అన్నాడు గురవయ్య.

పన్నెండు బిళ్లలూ తుడిచి గుడ్డసంచిలో వేశాడు. పలకకు తువ్వాలు చుట్టాడు. బండిలో జాగ లేదన్నారు గాని బస్సులో లేదని ఎవరూ అనలేదు.

కొత్తగూడెంలో మారి భద్రాచలం బస్సు ఎక్కేసరికి పదకొండు దాటింది. ఆడవాళ్లకు టికెట్టు లేదు, బస్సు నిండా వాళ్లే. పాల్వంచ దాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. అక్కడ కొందరు దిగి కొందరు ఎక్కారు. ఎక్కినవాళ్లలో ఒక పెద్దావిడ సీటు పట్టి, తన సంచిని ఒళ్లోకి లాక్కుని పక్కన చోటు చేసింది.

"రా అన్నా, ఇట్ల కూసో. మేం ఉత్తగనే తిరుగుతున్నమని, మొగోళ్లను నిలబెడుతున్నమని మల్ల మమ్ములనే అంటరు."

కూర్చున్నాడు. ఆమె పేరు అనంతమ్మ, పోయేది సారపాకలో ఉన్న కూతురు భవాని ఇంటికి, కూతురికి మోకాళ్ల నొప్పులు, అల్లుడు మంచివాడే గాని ముక్కోపి. ఇదంతా అడగకుండానే చెప్పింది. అప్పుడు ఇటు తిరిగింది.

"నువ్వెటు?"

"సారపాకనే. ఫుట్‌బాల్ ఆట ఉన్నది."

"కొడుకు ఆడుతుండా?"

"కొడుకులు లేరు."

"మనవడా మరి?"

"లేడమ్మా."

"మరెవలు ఆడుతున్రు?"

"మా ఊరోళ్లు."

"నువ్వు పోకుంటే ఆడరా వాళ్లు?"

వెనక సీటులో ఇద్దరు నవ్వారు. గురవయ్య కూడా నవ్వాడు. పాల్వంచ దాటాక అడవి మొదలైంది. ఆకులు రాలిన మోదుగులు కొమ్మకొమ్మకూ పూసి ఉన్నాయి. ఆ ఎర్రటి పూలు చూస్తూ ఆమె అడిగిన మాటే చాలాసేపు ఆలోచించాడు. పోకుంటే ఆడరా? ఆడతారు. పదకొండుగురూ దిగుతారు, తొంభై నిమిషాలు ఆడతారు, ఎక్కి వస్తారు. ఎక్కారో లేదో చూసేవాడే ఉండడు.

"గదేంది, చపాతీ పీటనా?" తువ్వాల్లోంచి బయటకొచ్చిన చెక్కను చూసి అడిగింది అనంతమ్మ.

"పలక."

"ఈ వయసుల బడికా?" అని, అతని ముఖం చూసి గొంతు తగ్గించింది. "నీకేంది అన్నా, గింత చెమట పడుతున్నది? ఇటు కిటికీ కాడికి జరుగు."

చోటు మారారు. ఆమె కూతురికని తెచ్చిన సపోటాల్లోంచి రెండు తీసి అతని చేతిలో పెట్టింది. సారపాకలో దిగాక నాలుగడుగులు పోయి, మళ్లీ వెనక్కి తిరిగి చెప్పింది. "ఆటయిపోయేదాక ఉండకు. జల్దీ ఇంటికి వో."

"అవ్ లే," అన్నాడు.

కాగితం మిల్లు ఉన్న ఊరికి ఒక వాసన ఉంటుంది, ఉడికిన కట్టె వాసన. గాలి ఇటు తిరిగితే ముక్కు మూసుకోవాలి, అటు తిరిగితే మరిచిపోవచ్చు. జామాయిల్ మొద్దుల లారీలు వరసగా ఆగి ఉన్న రోడ్డు పక్కనుంచి నడిచి గ్రౌండు చేరాడు. గ్రౌండు చుట్టూ అప్పటికే జనం. పడమటి వైపు షామియానా, మైకు, డప్పులు, అంతా సారపాకవాళ్లే. తూర్పు వైపు ఎండ. పరాయి జట్టుకు ఎక్కడైనా ఎండ వైపే ఇస్తారు. ముప్పై ఏళ్లుగా ఎన్ని గ్రౌండ్లు తిరిగినా గురవయ్య అస్తమించే పొద్దు ముఖాన కొట్టకుండా ఒక్క ఆటా చూడలేదు.

చింతబాయి బండి తూర్పు మూలన ఆగి ఉంది. దాని నీడలో కూర్చుని బూట్లు కట్టుకుంటున్న శివకుమార్ తలెత్తాడు.

"ఎట్లొచ్చినవే?"

"బస్సుకు."

"ఒద్దంటి గద."

"బండిల జాగ లేదంటివి. బస్సుల ఉన్నది."

ఎవడో కిసుక్కున నవ్వాడు. శివకుమార్ నవ్వలేదు. లేచి దగ్గరకొచ్చి మెల్లగా చెప్పాడు. "వచ్చినవ్, సరే. కూసోని సూడు. గా పలక మాత్రం ఇయ్యాల తియ్యకు తాతా. పోయినసారి గీ సారపాకోళ్లే, బడిల పంతులు హాజరు పిలుస్తుండని ఇకిలించిన్రు. మా పోరగాళ్లకు సిగ్గయితున్నది."

"అవ్ లే."

గోల్ పోస్టు వెనక్కి పది అడుగుల్లో ఒంటరి జామాయిల్ చెట్టు ఉంది. బెరడు పొరలు పొరలుగా ఊడి వేలాడుతోంది. దాని మొదట్లో కూర్చుని, బండివాళ్లకు కనిపించకుండా వీపు అడ్డంపెట్టి పలక విప్పాడు. ముందు తనది తగిలించాడు. తర్వాత సంచి మూతి పట్టుకుని ఈల వేసేదాకా చూశాడు. జట్టు పదకొండుగురూ లైను దాటి లోపలికి పోయారు. ఇటు ఎవరూ తిరగలేదు.

ఒకరి బిళ్ల మరొకరు ముట్టకూడదు. అయినా సంచిలో చెయ్యి పెట్టి తనే ఒక్కొక్కటి తీసి తగిలించాడు. రెండు వందల పద్నాలుగు అంకె ఉన్నదాన్ని చివరిదాకా ఉంచి, మేకుకు వేసేటప్పుడు కళ్లు పక్కకు తిప్పుకున్నాడు.

కాసేపటికి ఒక మనిషి వచ్చి చెట్టు నీడలో చతికిలబడ్డాడు. రాందాస్ అట, మిల్లు దగ్గర లారీల నుంచి మొద్దులు దింపుతాడు. డప్పులకు తల దిమ్మెక్కి ఇటొచ్చానన్నాడు.

"మీ తరఫున నువ్వొక్కనివేనా మామా?"

"ఒక్కన్నే."

"గింత దూరం ఒక్కనివి వచ్చి, ఓడిపోంగ చూసి పోతవా పాపం."

"ఓడుతరని ఎవలు చెప్పిన్రు?"

"నేనే చెప్తున్న. రాసుకో, పలక ఉన్నది గద."

ఇరవై నిమిషాలకు చింతబాయి గోల్ కొట్టింది. డప్పులు టక్కున ఆగాయి. మైకు ఆగింది. అంత గ్రౌండులో ఒక్క జత చేతులు చప్పట్లు కొట్టాయి. ఆ చప్పుడు మిల్లు ప్రహరీకి తగిలి వెనక్కి వచ్చింది. జనం మెడలు తిప్పి చూశారు. పరాయి గ్రౌండ్లలో ఈ క్షణం గురవయ్యకు కొత్తకాదు. అయినా ప్రతిసారీ తన చేతులు తనవి కానట్టు ఉంటుంది.

"జర మెల్లగ కొట్టు మామా," అన్నాడు రాందాస్. "షెవులు పోతున్నయ్."

గురవయ్య నవ్వి, ఒక సపోటా అతనికిచ్చాడు. అది తింటూ రాందాస్ పలక వైపు చెయ్యి చాపబోయాడు.

"ముట్టకు."

"ఏంది మామా ఇవి?"

ఎవరికీ చెప్పని మాట అది. కళావతికి చెప్పలేదు, బాయిలో చెప్పలేదు. ఈ మనిషి అవతలి జట్టువాడు, రేపు కనిపించడు. బహుశా అందుకే నోటికొచ్చింది. బంతి అటు చివర ఉంది. ఇటు గోల్ ముందు శివకుమార్ ఒక్కడే, చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దూలయ్యని ఒకడుండె," అన్నాడు గురవయ్య. "మా గోల్‌కీపరు. బాయిల పంపు నడిపేటోడు. పాత దిక్కు, నీళ్లూరే కాడ, ఒక్కడే ఉండేటోడు పనిల. మ్యాచ్ ఉన్ననాడు ఆడేటోళ్లను పగటీలికే, షిఫ్టు కాకముందే, పైకి ఇడిచిపెట్టేది. ఆ పొద్దు కొత్తగూడెంల మ్యాచ్. అందరు ఉరుక్కుంట ఎక్కిన్రు. దీపాలన్ని కిటికీల కుప్ప పోసిన్రు. చానామంది బిళ్లలు తీస్కున్రు, ఇద్దరు ముగ్గురు మరిసిన్రు. అవతల లారీ హారన్ కొడుతున్నది. నేనూ పోవాలె. నాకు ఆటంటే పాణం."

రాందాస్ నమలడం ఆపాడు.

"పలక మీద దూలయ్య బిళ్ల ఉన్నది. నేను చూసిన. చూడలేదని అబద్ధం ఎందుకు చెప్పాలె. ఈడు సుత మరిసిండు, దీపం ఆ కుప్పల ఉంటది అనుకున్న. కుప్ప లెక్కపెడితే ఎంతసేపు? గంత సేపు లేకపాయె నాకు. లారీ ఎక్కిన. ఆడికి పోతే గోల్ల మనిషి లేడు. బూట్లకు ఇంటికి పోయిండన్నరు, సైకిల్ మీద వస్తుండన్నరు. ఇంకొకన్ని నిలబెట్టిన్రు. సగం ఆట అయినంక నాకు ఎరుకయింది."

"మీద బండ పడ్డదా?"

"పడ్డది. మేం పోయేసరికి పొద్దు గూకింది. ఏ యాళకు పోయిండో డాక్టరుకు ఎరుకే. నేను అడగలే. ఇరవై ఎనిమిదేండ్లాయె, అడగలే." తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఎవలు నన్ను ఏమనలే. అంటే బాగుండు. రెండొందల పద్నాలుగు ఆయనదే. అప్పటిసంది గోల్ల నిలబడేటోనికి అదే ఇస్త. దిగినోడు ఎక్కినంకనే బండి కదలాలె, గంతే."

బంతి ఇటొచ్చింది. శివకుమార్ దాన్ని ఎగిరి పట్టాల్సింది, ఒక క్షణం ఆలస్యంగా కదిలి, చేతివేళ్లతో బయటికి తోశాడు. లేచి మోచేయి దులుపుకుంటూ చెట్టు వైపు చూశాడు. పది అడుగులు, మాట వినపడనంత దూరం కాదు.

సగం ఆట అయ్యాక అందరూ బండి దగ్గరికి పోయారు, శివకుమార్ చెట్టు దగ్గరికి వచ్చాడు. సీసాలో నీళ్లు సగం తాగి, మిగిలినవి తలమీద పోసుకున్నాడు. పలకను చూస్తూ నిలబడ్డాడు.

"గిదా నాది?"

"గదే."

రెండు వందల పద్నాలుగును మేకునుంచి తీశాడు. తడి బనీనుకు అటూ ఇటూ తుడిచాడు. మళ్లీ తన చేత్తో తగిలించి, బండి వైపు నడిచాడు. బండి దగ్గర ఏం చెప్పాడో గాని ఇంకో నలుగురు వచ్చారు. ఎవరిది వారు తీసి, ఎవరిది వారు తగిలించారు. సాయికిరణ్ అయితే, "నాది రెండుసార్లు దిగినట్టా తాతా?" అని అడిగి నవ్వించాడు. ఆరుగురు రాలేదు. గురవయ్యకు అయిదుగురు చాలా ఎక్కువగా అనిపించారు.

రెండో సగంలో వైపులు మారాయి. శివకుమార్ ఇప్పుడు అటు చివర గోల్‌లో ఉన్నాడు, చింతబాయి ఆడేది ఇటు వైపుకు. పొద్దు వాలి సూటిగా గురవయ్య కళ్లలోకి వచ్చింది. సారపాక గోల్ కొట్టి లెక్క సమం చేసింది. "ఇగ నేను మావోళ్లల్లకు పోత మామా, తిట్టుకోకు," అని రాందాస్ డప్పుల వైపు పరుగెత్తాడు. చెట్టు కింద గురవయ్య ఒక్కడే మిగిలాడు.

భుజం నొప్పి ఇప్పుడు భుజంలో లేదు. ఛాతీ మీద ఎవరో తడి బొగ్గు తట్ట దించినట్టుంది. దించినవాడు వచ్చి ఎత్తుకుపోతాడులే అన్నట్టు ఓపిగ్గా కూర్చున్నాడు. చెట్టుకు వీపు ఆనించాడు. డప్పులు దూరమయ్యాయి. ఆటగాళ్లు ఎండలో నల్లటి గీతల్లా అటూ ఇటూ కదులుతున్నారు. ఎవరు ఎవరో తెలియడం లేదు, బంతి ఎక్కడుందో తెలియడం లేదు. అరచేయి కళ్లకు అడ్డంపెట్టుకుని అటు చివర గోల్ వైపు చూశాడు. రెండు కర్రల మధ్య ఒక మనిషి నిలబడి ఉన్నాడు. కాళ్లు ఎడంగా పెట్టి, కొంచెం ముందుకు వంగి.

ఉన్నాడు. గోల్‌లో మనిషి ఉన్నాడు.

చెయ్యి దించుకున్నాడు.

ఆట ఒకటి ఒకటితోనే ముగిసింది. చింతబాయివాళ్లు దుమ్మూ చెమటా కలిసిన ముఖాలతో, కుంటుతూ, రెఫరీని తిట్టుకుంటూ తూర్పు మూలకు వచ్చారు. శివకుమార్ గ్రౌండు పొడుగునా నడిచి, బండివైపు పోతున్నవాళ్లను చెట్టు వైపు తిప్పాడు.

"అరేయ్, బిళ్లలు తీస్కపోన్రి. అందరు."

"తాత పండినట్టున్నడన్నా," అన్నాడు సాయికిరణ్.

"పండనీ. సప్పుడు చెయ్యకున్రి."

ఒక్కొక్కరే వంగి ఎవరి బిళ్ల వారు తీశారు. రాని ఆరుగురూ తీశారు. ఒకడు తన అంకె మరిచిపోయి మిగతావాళ్లను అడిగాడు. సంచి గురవయ్య ఒళ్లో ఉంది, మూతి తెరిచి. అందులో బిళ్ల మీద బిళ్ల పడుతున్న చప్పుడుకు కూడా అతను కదల్లేదు. చివర శివకుమార్ తనది తీసి సంచిలో వేసి, మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"తాతా, పదకొండుగురం. చూస్కో."

అనాల్సిన మాట కోసం అందరూ ఆగారు. జామాయిల్ బెరడు గాలికి గలగలమంది.

"తాతా."

శివకుమార్ భుజం మీద చెయ్యి వేశాడు. తర్వాత ముక్కు దగ్గర వేళ్లు పెట్టాడు. అలాగే ఉంచాడు. అతని ముఖం చూసి మిగతావాళ్లు దగ్గరికి జరిగారు. సగం తిన్న సపోటా గురవయ్య కాలి దగ్గర మట్టిలో పడి ఉంది.

రాందాస్ వచ్చాడు, సారపాకవాళ్లు కొందరు వచ్చారు. ఎవరో డప్పులు ఆపమని కేక వేశారు. దవాఖానాకు అన్నారు, వంతెన దాటితే భద్రాచలమే అన్నారు. లాభం లేదని అందరికీ తెలిసినా, మోసుకుపోక ఊరుకోలేరు కదా. బండి వెనక సీటు మీద పొడుగ్గా పడుకోబెట్టారు. జాగ సరిపోయింది. ఆరుగురు దిగి నడిచివస్తామన్నారు. సంచి శివకుమార్ చేతిలో ఉంది.

బండి ఎక్కబోయి అతను వెనక్కి వచ్చాడు. చెట్టు దగ్గర పలక ముందు వంగి, చివరి బిళ్ల వైపు చెయ్యి చాపాడు. వేళ్లు దానికి తగలబోతూ ఆగాయి. ఎవరి బిళ్ల వారే తీయాలి. చెయ్యి వెనక్కి తీసుకుని, పోయి బండి ఎక్కాడు. డ్రైవరు తిరిగి చూశాడు. పోదామా అని అడిగాడు. శివకుమార్ సంచి మూతి బిగించి కట్టాడు. బండి కదిలింది.

జామాయిల్ మొదట్లో పలక అలాగే ఆని ఉంది. పదకొండు మేకులు ఖాళీ. పన్నెండో మేకుకు ఎనభై ఎనిమిది, పొద్దున చింతపండుతో తోమిన మెరుపుతో, గాలి వచ్చినప్పుడు చెక్కకు ఒకసారి తగిలి, ఆగి, మళ్లీ తగులుతోంది.